శత్రుసేనలో నా నియామకం

ఒక మధ్యయుగ మహాసంగ్రామాన్ని గోడపై చిత్రించదలచినప్పుడు ముందుగా కమిటీ వేయాలి. కమిటీకి అధ్యక్షుడుండాలి. ఆ అధ్యక్షుడు నేనై ఉండాలి. త్రిపురారంలో మా ఫంక్షన్ హాలు గోడ విషయంలో ఈ పద్ధతిని పొల్లుపోకుండా పాటించాం.

కాకతీయుల కాలపు సైనికులకు మన ఊరివాళ్ల ముఖాలే ఉండాలని నేనే తీర్మానించాను. సేనాపతి పాత్రను దృష్టిలో పెట్టుకుని, మీసం ప్రత్యేకంగా దిద్దించుకుని దిగిన ఫోటోను కోదాడ చిత్రకారునికి స్వయంగా అందజేశాను.

ఈ సాయంత్రం ఊరందరి సమక్షంలో పరదా తొలగించాం. గెలిచిన సైన్యంలో ఊరంతా ఉంది. గుర్రం మీద సేనాపతిగా మా బావమరిది ఉన్నాడు. ఓడిన సైన్యంలో నేనొక్కడినే ఉన్నాను. కత్తి పారేసి, దిద్దిన మీసంతో వెనక్కి చూస్తూ పరుగెడుతున్నాను.

"ఇదేమిటయ్యా?" అని చిత్రకారుణ్ణి నిలదీశాను.

"ఓడిపోవడానికి ఒక్కళ్లూ ఒప్పుకోలేదండీ. ఇంటింటికీ తిరిగాను. చివరికి మేడం గారే మిమ్మల్ని పెట్టమన్నారు."

మేడం గారంటే నా భార్య. ఆమె ఏమాత్రం తడబడలేదు.

"జర ఊకోండ్రి. మా తమ్ముడు గుర్రం మీద ఎంత మంచిగున్నడు సూడుండ్రి! మీరు సుత మంచిగనే ఉరుకుతున్నరు."

ఊరంతా చప్పట్లు కొట్టింది. అవి ఎవరి కోసమో విచారించే ధైర్యం అధ్యక్షునికి లేకపోయింది. మీ ఇళ్లలోనూ ఇలాంటి నియామకాలు జరిగి ఉంటే కింద తెలుపగలరు.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది: ఇకపై మా మండలంలో చిత్రించే మధ్యయుగ యుద్ధాలన్నీ డ్రాగానే ముగియాలి. ఇదే తుది నిర్ణయం. చరిత్రకు అప్పీలు చేసుకునే హక్కు లేదు.