తలకిందులు చేసిన మూడు అక్షరాలు

1943. యుద్ధం వల్ల కాగితానికి కటకటగా ఉన్న రోజులు. వనపర్తి బజారులో ఒక చిన్న అచ్చుకూటంలో నేను కంపోజిటర్‌ని. అంటే సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటిగా ఏరి, వరుసగా పేర్చి, అచ్చుకు సిద్ధం చేసేవాణ్ణి. అప్పటికి పద్నాలుగేళ్లుగా అదే పని. మాకు వచ్చేవి పెళ్లి పత్రికలు, బడి పరీక్ష కాగితాలు, పశువుల సంత ప్రకటనలు. ఎప్పుడైనా ఇంగ్లీషు పని వస్తే అది నాదే. నిజానికి నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అక్షరాల రూపాలు తెలుసు, అంతే. అయినా ఎవరైనా "ఇంగ్లీషు నర్సయ్య" అని పిలిస్తే నా నడక మారిపోయేది.

ఆ ఎండాకాలంలో ఖాజా వచ్చాడు. గద్వాల వాడు, రాయచూరులో పని నేర్చుకున్నాడు. పాతికేళ్లుంటాయి. మొదటి రోజు నుంచే నన్ను "అన్నా" అన్నాడు. నేను గంటకు పేర్చే వరుసలు వాడు ముప్పావు గంటలో పేర్చేవాడు. మధ్యలో సన్నగా ఏదో పాడుకునేవాడు కూడా. ఆ పాట వింటే నాకు ఒళ్లు మండేది. పని కష్టంగా ఉన్నవాడు పాడడు కదా.

వానాకాలం చివర్లో, ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక సారు మా దగ్గరికి వచ్చారు. పై నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడట. ఆయనకు స్వాగతం చెబుతూ ఇంగ్లీషులో పద్యం రాశారు. ముప్పై ఆరు వరుసలు. కాగితం కూడా తనే హైదరాబాదు నుంచి తెప్పించుకున్నారు, లెక్కగా నూరు తావులు.

"ప్రతి వరుసా ఒకే ముగింపు! ఎడ్యుకేషన్, ఇరిగేషన్, శానిటేషన్, అడ్మినిస్ట్రేషన్... ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఏడు నెలలు పట్టింది నాకు" అని సారు చిన్నపిల్లవాడిలా మురిసిపోయారు.

పని నాకే వస్తుందని చెయ్యి చాచాను. మా యజమాని సేటు ఆ కాగితాన్ని ఖాజాకిచ్చాడు. "శుక్రారం సాయంత్రానికి కావాలె. నువ్వైతే జల్ది చేస్తవు" అన్నాడు. చాచిన చేతిని ఏం చేయాలో తెలియక, గుడ్డ తీసుకొని బల్ల తుడిచాను.

నేనైతే మొదటి అక్షరం నుంచి ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయేవాణ్ణి. ఖాజా ముందు కాగితం మొత్తం చూశాడు.

"జర సూడన్నా, ప్రతి మాటకు ఒకటే తోక ఉన్నది. నాలుగక్షరాలు. ముందుగాల తోకలన్నీ పేర్చి పెట్టుకుంట. తర్వాత తలకాయలు అతికిస్త."

ముప్పై ఆరు తోకలు వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్లలో నాకు తట్టని సంగతి అది. పాతిక తోకలయ్యేసరికి "ఎన్" అక్షరాలు అయిపోయాయి. మా దగ్గర ఇంగ్లీషు టైపు తక్కువ. తలకాయలకు కావలసినవి ఇంకా ఉండనే ఉన్నాయి. పని ఆగిపోయిందని నాలో నేను ఎంత సంతోషించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఖాజా తల గోక్కున్నాడు. తర్వాత "యు" అక్షరాన్ని తీసి, తలకిందులు చేసి, "ఎన్" ఉండాల్సిన చోట పెట్టాడు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

"ఏం బుర్రరా నీది!" అని సేటు వాడి వీపు తట్టాడు. పద్నాలుగేళ్లలో నా వీపు మీద ఆ చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు.

శుక్రవారం పొద్దున ప్రూఫ్ తీశారు. ప్రూఫ్ అంటే తప్పులు చూసుకోవడానికి ముందుగా తీసే నమూనా కాగితం. సారు దాన్ని రెండుసార్లు చదివి, బాగుందని సంతకం పెట్టి వెళ్లారు. పేర్చిన అక్షరాలను ఇనుప చట్రంలో బిగించి మెషిన్ పక్కన పెట్టారు. మధ్యాహ్నం సేటు అన్నానికి ఇంటికి పోయాడు. ఖాజా జుమ్మా నమాజుకు పోతూ, "అన్నా, జర చట్రం దిక్కు సూస్తుండు, ఎవరన్న తాకుతరేమో" అన్నాడు.

చూస్తూనే ఉన్నాను. వాడి పని ఎంత శుభ్రంగా ఉందో చూసినకొద్దీ ఓర్వలేకపోయాను. చట్రం వదులు చేశాను. సూది లాంటి పనిముట్టుతో మూడు "యు" అక్షరాలను పైకి లాగి, తిప్పి, మామూలుగా నిలబెట్టాను. మళ్లీ బిగించాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. చేతులు వణకలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు నన్ను భయపెట్టింది అదే.

నమాజు నుంచి ఖాజా వచ్చాడు, సేటు వచ్చాడు, మెషిన్ తిరిగింది. మా ముగ్గురిలో ఇంగ్లీషు చదివేవాడు లేడు. నూరు తావులూ అచ్చయ్యాయి.

మరునాడు పొద్దున్నే సారు వచ్చారు. కోపంగా ఉంటారనుకున్నాను. ఆయన మొహంలో కోపం లేదు, రక్తం కూడా లేదు.

"మూడుచోట్ల ఎన్ పోయి యు వచ్చింది. అందులో ఒకటి అడ్మినిస్ట్రేషన్ అన్న మాటలోనే వచ్చింది. ఇవి ఎట్ల పంచాలె? మళ్లీ అచ్చేయిద్దామంటే కాగితమెక్కడిది?"

సేటు ఖాజా మీద విరుచుకుపడ్డాడు. ఖాజా పరుగెత్తి ప్రూఫ్ కాగితం తెచ్చాడు. అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"సూడుండ్రి సేటూ, గప్పుడు మంచిగనే ఉండె. తర్వాత ఎవరో తిప్పిండ్రు."

"ఎవరు తిప్పుతరు? నువ్వే ఏదో సర్దబోయి తిప్పినవు."

ఖాజా నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్న చెప్పు. నేను నమాజుకు పోయినప్పుడు నువ్వీడనే ఉంటివి గద."

వాడు నన్ను అనుమానించడం లేదు. సాక్ష్యం అడుగుతున్నాడు. ఆ కళ్లలో నమ్మకం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"నేను సూడలే" అన్నాను.

ఖాజా నెమ్మదిగా ప్రూఫ్ కాగితం మడిచాడు. అప్పుడు అర్థమైందనుకుంటాను వాడికి. తన సంచి తీసుకొని వెళ్లిపోయాడు. సారు ఆ సాయంత్రం అధికారి ముందు తన చేతిరాత కాగితం చూసి పద్యం చదివారట. అచ్చు కాగితాలు ఎవరికీ పంచలేదు.

ఇంగ్లీషు పని మళ్లీ నాకు వచ్చింది. పెట్టె ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే ముందుగా ఆ నాలుగక్షరాల తోకను పేర్చేది. వాడి పద్ధతిలోనే. ఇంగ్లీషు పని వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. రెండు నెలలు ఓర్చుకొని, ఒక ఆదివారం గద్వాల పోయాను. ఖాజా ఒక దుకాణం ముందు బోర్డు మీద అక్షరాలు రాస్తున్నాడు. అచ్చు పని దొరకలేదట. జరిగింది చెప్పాను. వాడు కుంచె ఆపలేదు.

"నాకు తెల్సు. నాకు చెప్పి ఏం ఫాయిదా? సేటుకు చెప్పు."

"మాఫ్ చెయ్యి ఖాజా."

"ముందుగాల పోయి చెప్పు" అన్నాడు. ఈసారి "అన్నా" అని పిలవలేదు.

మరునాడు సేటుకు చెప్పాను. పని పోతుందనే అనుకున్నాను.

"నాకు తెల్వదనుకుంటివా నర్సయ్యా? ఆ దినమే తెల్సు. ఒకన్ని పోగొట్టుకుంటి, ఇద్దర్ని పోగొట్టుకుంటే ప్రెస్సు నడుస్తదా?"

అంటే పద్నాలుగేళ్ల నా పనితనం చూసి నన్ను ఉంచుకోలేదు. అవసరం కొద్దీ ఉంచుకున్నాడు. నా ముందే ఖాజాకు తిరిగి రమ్మని జాబు రాయించాడు. జవాబు రాలేదు. సారు ఇంటికి కూడా వెళ్లి చెప్పాను. ఆయన విని, "పోనీలే" అన్నారు కానీ నన్ను కూర్చోమనలేదు.

తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఆ పనిలో ఉన్నాను. ఆ సంగతి నాకు నేర్పింది ఒక్కటే. ఖాజా ఎంత మంచి పనివాడో ఆ అచ్చుకూటంలో అందరికంటే ముందు గుర్తించింది సేటు కాదు, సారు కాదు, నేను. వాడు వచ్చిన మొదటి రోజే, నా కడుపు మండినప్పుడే నాకు తెలుసు. ఆ మాట నోటితో ఒక్కసారి అని ఉంటే, వాడు నా పక్కనే కూర్చొని పాడుకుంటూ ఉండేవాడు.