పరాయి రాజయ్యకు బియ్యం

మా మేనత్త పోయిందని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు, జగిత్యాలలోని నా వైండింగ్ షాపులో కాలిపోయిన బోరు మోటారు విప్పుతున్నాను. చేసింది అత్త పక్కింటామె. "మీ అత్త పొద్దుగాల లేవలేదయ్యా, నువ్వు జల్ది రా" అన్నది. మోటారు కోసం వచ్చిన గొల్లపల్లి రైతు ఎదురుగానే స్టూలు మీద కూచున్నాడు. వేసిన నాటు ఎండుతున్నదని పొద్దటి నుంచి మొత్తుకుంటున్నాడు. అయినా షట్టర్ దించాను. అత్తది ఎప్పుడూ ఇదే వరస. నాకు ఊపిరాడనంత పని ఉన్న సీజను చూసుకొని మరీ పిలిచేది. ఆఖరికి పోవడం కూడా నాట్ల మధ్యలోనే పోయింది.

యుద్ధాలు జరిగిన చోట్లు, చనిపోయిన సైనికుల స్మారకాలు చూడాలని మీలో ఎవరికైనా కోరిక ఉంటే చక్కగా వెళ్లండి. మా అత్తలాంటి మనిషితో మాత్రం వెళ్లకండి. ఆమె కొండ చూడదు, లోయ చూడదు, ఫోటో దిగదు. రాతి మీద పేర్లు ఎక్కడ ఉంటే అక్కడ నిలబడి, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదువుతుంది. బడిలో పంతులమ్మగా హాజరు పిలిచిన గొంతుతోనే, పైకి చదువుతుంది. పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. కాబట్టి సంచులు మోసే భాగ్యం మేనల్లుడినైన నాది. ఆ సంచిలో సీసా మూత ఊడి, మామిడికాయ తొక్కు నూనె నా అంగీలన్నిటికీ అంటేది. "ఉతికితే పోతది తియ్" అనేది. పోలేదు.

ఈ తిరుగుడికి కారణం మా తాత. సిరిసిల్లలో మగ్గం నేసే మనిషి. మా అత్త ఇంకా నాయనమ్మ కడుపులో ఉండగా మగ్గం వదిలేసి, తెల్లవాళ్ల తరఫున రెండో ప్రపంచ యుద్ధంలోకి పోయాడు. యుద్ధం అయిపోయింది. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. మా వైపు పెత్రమాస నాడు పోయినవాళ్ల పేర్లు చెప్పి, అయ్యగారికి బియ్యమూ కూరగాయలూ ఇస్తాం. మా తాత పేరు మీద మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. నాయనమ్మ ఇవ్వనియ్యలేదు. "సావు కబురు ఇనలేదు, పీనుగను సూడలేదు. బతికున్నోని పేరు మీద బియ్యం ఎట్ల ఇస్తరు?" అనేది. బొట్టూ మెట్టెలూ తీయకుండానే ముసలిదైంది, ముత్తైదువగానే పోయింది. ఆ తర్వాత ఆ పట్టుదల మా అత్తకు వచ్చింది.

మొదట నన్ను ఢిల్లీకి తీసుకుపోయింది. అక్కడ సైనికుల పేరిట కట్టిన పెద్ద కమాను గోడల మీద ఎత్తున పేర్లున్నాయి.

"అత్తా, ఇది అంతకు ముందటి యుద్ధపోళ్లది. తాత అప్పటికి పుట్టిండో లేదో" అన్నాను.

"ఊకె రాసిండ్రా? సదువుతరనే గద రాసింది. నాకు కనవడ్తలేవు, నువ్వు సదువు."

"నాక్కూడ కనవడ్తలేవు."

"ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేయరాదూ?"

ఎండలో మెడ పైకెత్తి చదివాను. తర్వాత కార్గిల్ పోరు జరిగిన కొండల దగ్గరికి పోదామన్నది. తాత ఆ యుద్ధానికి ఎట్ల పోతాడని అడిగితే, "పోడు. అయినా సూసొద్దాం" అన్నది. అక్కడ గాలి అందక నేను మెట్ల మీద కూలబడితే, ఆమె శాలువా కప్పుకొని తాపీగా చదువుకుంటూ పోయింది. మధ్యలో మల్యాల నుంచి రైతు ఫోన్: "అన్నా, నా మోటర్ అయిందా?" ఏమని చెప్పాలి ఆ మనిషికి?

ఒకటి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. పేరు దొరకకపోతే ఎవరికైనా దిగులేస్తుంది కదా. ఆమెకు హుషారొచ్చేది. "లేదు. పా, చాయ తాగుదాం" అని ముందు నడిచేది. నా భార్యకు చీర కొనేది, నన్ను మిఠాయి తినమని సతాయించేది. ఏడుపు దాచుకుంటున్నదేమో అనుకునేవాణ్ణి.

చివరికి కోహిమా పోయాం. వాన, బురద, కొండ మెట్లు. దహనం చేసిన సైనికుల పేర్లు అక్కడ ఒక రాతి మీద చెక్కి ఉన్నాయి. ముందు చూసింది నేనే. రాజయ్య. మా తాత పేరు. నా షాపు బతికిందని నిజంగా సంతోషపడ్డాను. "అత్తా, దొరికిండు" అని అరిచాను.

ఆమె దగ్గరికొచ్చి కళ్లద్దాలు తుడుచుకొని చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"మనోడు గాదు" అన్నది.

"గాదని ఎట్ల అంటవ్?"

"ఔనని నువ్వెట్ల అంటవ్? ఇంటిపేరు లేదు, ఊరు లేదు. మన దిక్కు ఇంటికో రాజయ్య ఉంటడు."

"తాత బతికుంటే నూరేండ్లు దాటుతయత్తా. యాడున్నడిప్పుడు?"

ఆమె మెట్ల వైపు తిరిగింది. దిగుతూ దిగుతూ, సగం మెట్ల దగ్గర నా భుజం పట్టుకొని ఆగింది. "నాయిన గప్పుడే పోయిండంటే, అవ్వ బొట్టు నా చేత్తోని తుడిచినట్టయితది అల్లుడా" అన్నది.

అప్పుడర్థమైంది. ఆమె ఇన్నాళ్లు తిరిగింది పేరు వెతకడానికి కాదు, లేదని చూసుకోవడానికి. ఈ ముక్క ముందే చెప్తే నేను అంత శ్రద్ధగా వెతికేవాణ్ణా? నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె మాత్రం చాయ తాగలేదు ఆ రోజు.

మరుసటి పెత్రమాసకు నన్ను కోరుట్ల పిలిచింది. మామకు బియ్యం ఇచ్చింది, నాయనమ్మకు ఇచ్చింది. ఇంకో కుప్ప పోసి, "కోహిమా రాజయ్య" అన్నది.

"మీకేమైతడమ్మా?" అని అయ్యగారు అడిగాడు.

"ఏం గాడు, పరాయోడు. పాపం, ఆయన ఇంటోళ్లకు జాడ తెల్వదు. మనమిస్తే తప్పా?"

నేను నెత్తి కొట్టుకున్నాను. ప్రతి ఏడూ అదే తంతు. "పరాయోనికి ఇస్తవు, కన్నతండ్రికి ఇయ్యవు. నీకేమన్న తిక్కనా?" అని గట్టిగానే అడిగాను. "నేను పోయినంక నీ ఇష్టం. గప్పటిదాక నోరు మూసుకో" అన్నది. అలాగే కానీ అనుకున్నాను. ఆమె పోయాక వచ్చే మొదటి పెత్రమాసకే "మా తాత" అని చెప్పి, ఈ తలనొప్పి వదిలించుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఆమె సతాయించకపోతే నేను మా పక్కనున్న కొండగట్టు దాటి లోకం చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు సీజను మధ్యలో ఎవరూ పిలవరు. రైతులకు చెప్పిన రోజుకు మోటార్లు ఇస్తున్నాను. షాపు ఇంత సక్రమంగా నడవడం నాకేం బాగాలేదు.

మొన్న పెత్రమాస వచ్చింది. కొత్తగా పోయిన మనిషి కాబట్టి ముందు అత్త పేరు చెప్పి, అయ్యగారి పీట ముందు విస్తరిలో బియ్యం పోశాను. పక్కన రెండో కుప్ప పోశాను. "రాజయ్య" అన్నాను.

"ఏమైతడు?" అన్నాడు అయ్యగారు.

ఎన్నాళ్ల నుంచో నోట్లో పెట్టుకున్న మాట. నోరు తెరిచాను. నా భార్య నన్నే చూస్తున్నది. తెల్ల చీరలో నాయనమ్మను నేను ఎన్నడూ చూడలేదు. ఎంత ప్రయత్నించినా ఇప్పుడు ఊహలో కూడా కనబడలేదు.

"మా అత్తకు ఎరుకున్నాయన" అన్నాను.

అయ్యగారు తల ఊపి, నీళ్లు వదిలించాడు. తర్వాత తన సంచి మూతి తెరిచి, విస్తరి ఎత్తి వంచాడు. రెండు కుప్పలూ కలిసి జారి, ఒకటే రాశిగా అడుగుకు చేరాయి.