సావిడి గుమ్మంలో మాధురి

నీట్ ర్యాంకుకి డెంటల్ సీటు వచ్చినా వద్దని మాధురి పశువైద్యంలో చేరింది. పర్చూరు దగ్గరున్న వాళ్ల ఊళ్లో అప్పట్నుంచీ ఆమెకి ‘గొడ్ల డాక్టరు’ అని పేరు పడిపోయింది. ఎవరన్నా వెటకారంగా అంటే, “అవును, గొడ్ల డాక్టర్నే. మీ గొడ్డుకి జబ్బు చేస్తే పిలవండి” అనేది.

మూడో ఏడు సెలవులకి ఇంటికొచ్చేసరికి ఊరంతా మిరప కళ్లాలు నడుస్తున్నాయి. ఒక ఉదయం పక్కింట్లో బాబాయి యలమందయ్య గేదె బొంగురు గొంతుతో ఆపకుండా అరిచింది. నోటివెంట చొంగ తీగలుగా కారుతోంది, నీళ్లు మింగలేకపోతోంది. గొంతులో ఏదో అడ్డుపడిందని యలమందయ్య దాని నోట్లో చెయ్యి పెట్టబోయాడు. మాధురి పరుగున వెళ్లి ఆయన్ని గొడ్ల సావిడి బయటికి లాగింది.

“బాబాయ్, పోయిన నెల కళ్లంలో కుక్క కరిచింది దీన్నేగా?”

“కరిస్తే? పసుపు పెట్టాం, మానిపోయింది. తప్పుకో.”

“ఇది పిచ్చికుక్క జబ్బులాగుంది. ముట్టుకోవద్దు.”

“చదువన్నా పూర్తి కాలా, అప్పుడే నాకు చెప్పొచ్చావా? ఏం అన్నయ్యా, నీ కూతురికి పెద్దంతరం చిన్నంతరం లేదా?”

తండ్రి వీరాంజనేయులు పక్కకి రమ్మని సైగ చేశాడు. ఆమె కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడే పశువుల ఆసుపత్రి డాక్టరు మొహిద్దీన్ బాషాగారికి ఫోన్ చేసింది. ఆయన వచ్చేలోగా, చచ్చేలోపు అమ్మేద్దామని యలమందయ్య పిలిపించిన గొడ్ల బేరగాడు వచ్చాడు. మాధురి అతనికి తన అనుమానం అందరి ముందూ చెప్పేసింది.

“డాక్టరుగారు చూసేదాకా ఇది గుమ్మం దాటదు” అంది.

బేరగాడు వచ్చిన దారినే పోయాడు.

“నా నోటి దగ్గర కూడు తీశావు కదే!” యలమందయ్య కేకలేశాడు.

“తీశాను. నిన్న ఇది మేత మానేస్తే గొట్టంతో మందు పోసింది నువ్వేగా? నీ వేలిమీద ఆ గాయమేంటి? సూది వేయించుకునేదాకా నిన్ను వదలను.”

బాషాగారు వచ్చి చూసి, ఆమె అనుమానం సబబేనన్నారు, సూది ఆలస్యం చెయ్యొద్దన్నారు. యలమందయ్య మాధురి స్కూటీ వెనక కూర్చుని పర్చూరు వెళ్లి సూది వేయించుకున్నాడు. గేదె మర్నాడే చచ్చిపోయింది. పరీక్షలో పిచ్చికుక్క జబ్బేనని తేలింది.

మిగతా సూదులకీ మాధురే తీసుకెళ్లింది. బేరం చెడగొట్టిందన్న కోపంతో దారి పొడుగునా ఆయన పలకలేదు. పిన్ని సుబ్బరావమ్మ మాత్రం ఒకరోజు, “పోనీ, తప్పయిందని ఒక్క మాట అనవే” అని బతిమాలింది.

“తప్పు చెయ్యలేదుగా పిన్నీ, ఎందుకనాలి? నాతో మాట్లాడకపోతే మానె, మనిషి బతికుంటే చాలు.”

ఊళ్లో కుక్కలన్నిటికీ టీకాలు వేద్దామని బాషాగారిని అప్పటికే ఒప్పించింది. వాటిని పట్టడానికి పాత వలలు అడుగుదామని ఆ మధ్యాహ్నమే చీరాల అవతలి జాలర్ల పల్లెకి బయల్దేరింది.