తోడుకోని పాలు

నీటిలో యాంటీబయాటిక్ జాడను నానో పదార్థాలతో పసిగడుతున్నారని ఈమధ్య లైబ్రరీలో చదివాను. తొంభైల్లో చౌటుప్పల్ దగ్గర మా ఊళ్లో ఆ పని పెరుగు చేసింది. ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

మాకు పాలు పోసే అత్త దగ్గర జనం పాలు మానేయసాగారు, అవి తోడుకోవడం లేదని. తోడులోని సూక్ష్మజీవులను యాంటీబయాటిక్ చంపుతుందని నేను అప్పటికే చదివి ఉన్నాను. ఊరి పక్కన యాంటీబయాటిక్‌లు చేసే ఫ్యాక్టరీ వదిలే నీళ్లు దాని పక్క బావిలోకి ఇంకుతున్నాయని నా అనుమానం.

"అత్తా, మందుల ఫ్యాక్టరీ పక్క బాయి నీళ్లు కలుపుతున్నవా?"

"నీళ్లా? నా బర్రె మీద ఒట్టు."

అప్పుడే పితికిన పాలు రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో ఆ బావి నీళ్లు, ఇంకోదాంట్లో మా ఇంటి నీళ్లు కలిపి తోడేశాను. తెల్లారి చూస్తే మా నీళ్లు కలిపినవే తోడుకున్నాయి.

అత్త రెండు గిన్నెలూ వంచి చూసింది. "గట్లయితే రేపటి సంది మీ ఇంటి నీళ్లే కలుపుత అల్లుడా."

ఆ మాట నిలబెట్టుకుని, పోయినవాళ్లందరినీ మళ్లీ రప్పించుకున్న అత్తకూ, గిన్నెలిచ్చిన మా అవ్వకూ కృతజ్ఞతలు.