పిక్ అప్‌కు ఏడు అర్థాలు

ఆర్మూర్‌లో నా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు మంచి పేరుంది. దాన్ని ఊరంతా తిరిగి చెప్పుకున్నది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. పసుపు కమిషన్ దుకాణం మీది గది, ఒక బోర్డు, గల్ఫ్‌కు పోవాలనుకునే పదిహేను మంది. కింది నుంచి పసుపు దుమ్ము పైకొచ్చేది, పై నుంచి నా ఇంగ్లీషు కిందికి పోయేది. రెండింట్లో దుమ్మే నయం, తుమ్మితే పోయేది.

నా పద్ధతి సులువు. బోర్డు మీద ఒక మాట, దాని కింద గైడులో ఉన్న అర్థాలన్నీ. 'పిక్ అప్'కు ఏడు దొరికాయి: కింద పడ్డది తీయడం, మనిషిని బండిలో ఎక్కించుకోవడం, ఫోన్ ఎత్తడం, విని విని భాష పట్టుకోవడం, జలుబు అంటించుకోవడం, జబ్బు నుంచి తేరుకోవడం, వ్యాపారం పుంజుకోవడం. ఆ మాట ఎక్కడ వినబడ్డా లేచి నిలబడి ఏడూ అప్పజెప్పాలి. బడిలో నేను అలాగే పాసయ్యాను. లోకం కూడా బడేనని నా నమ్మకం.

వెనక బెంచీలో ఒక ఆటో డ్రైవరు కూర్చునేవాడు. రోజూ పొద్దున బడి పిల్లలను తీసుకుపోయేవాడు. నలభై దగ్గరపడింది, ఈసారి వీసా రాకపోతే ఇక రాదని అతని భయం.

"సార్, నా ఆటోకు పికప్ లేదు, గుట్ట రోడ్డు ఎక్కుతలేదంటం గద. గది గూడ ఇదేనా?"

"గది మెకానిక్‌ల మాట. ఇంగ్లీషు గాదు. కూసో."

అందరూ నవ్వారు.

దుబాయ్‌లో స్కూలు బస్సు నడిపే ఉద్యోగానికి నిజామాబాద్‌లో అతనికి ఇంటర్వ్యూ. పిల్లలను ఎన్నింటికి పిక్ అప్ చేసుకుంటావని ఇంగ్లీషులో అడిగారట. రోజూ చేసే పనే. అతను లేచి ఏడూ చెప్పాడు, జలుబుతో సహా. బండి పికప్ ఇంగ్లీషు కాదని మా సారు చెప్పిండని వినయంగా కలిపాడు. వాళ్లు తర్వాతి మనిషిని పిలిచారు.

"వానికి బుర్ర లేకుంటె నేనేం జేస్త?" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. 'ఏడర్థాలోడు' అని పేరు పెట్టిందీ నేనే.

అతను తప్పేమీ చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు, అంతే. బండి పికప్ కూడా ఇంగ్లీషేనని ఆ వారమే పెద్ద డిక్షనరీలో చూశాను. చూసి, మూసి, అటక మీద పెట్టాను.

మొన్న ఆటో స్టాండుకు పోయి, నలుగురి ముందు ఇదంతా ఒప్పుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కాసేపు నిలబడ్డాను కూడా.

"వీళ్లకు జెప్తె ఏమస్తది సార్," అన్నాడతను. "బడిల నా బిడ్డను ఏడర్థాలోని బిడ్డ అంటున్నరు. ఆడికొచ్చి జెప్పు."

పోయాను. ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు రెండు నిమిషాలు ఇచ్చాడు. పిల్లలంతా శ్రద్ధగా విన్నారు. రెండో వరసలో అతని కూతురు మాత్రం నేను వేదిక దిగేదాకా తల ఎత్తలేదు.