బిరుసెక్కని వెంట్రుకలు

“బ్లేడు పెడితే బిరుసెక్కవమ్మా! కోసిన మొన గరుగ్గా తగులుతుందంతే,” అంటూ ఆసుపత్రి ఆయమ్మ ఎప్పటిలాగే రెండు చేతులూ చాపింది. కుడి చేతికి ఏళ్ల తరబడి బ్లేడు పెడుతోంది, ఎడమదాన్ని ముట్టుకోదు. రెండింటి మీదా నూగు ఒక్కలాగే ఉంది. ఆపరేషన్‌కు ముందు పొట్ట నున్నగా గీసే పని ఆమెది. చర్మాన్ని వేళ్లతో సాగదీసి, గోరువెచ్చని నీళ్లతో తుడిచి, కబుర్లలో పెట్టి కానిచ్చేస్తుంది. మంచం మీది అమ్మాయి నవ్వలేదు. “నాకు తెలుసు ఆయమ్మా. బయట మా అమ్మదే గోల, పొట్టంతా పొదలా మొలుస్తుందని.” “ఉండు, నా చేతులు చూపించి వస్తా,” అని ఆయమ్మ లేచింది. అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది. “వద్దు. కడుపులోది మంచి గడ్డ కాదని డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. నువ్వెళ్లి, బిరుసుగానే వస్తాయని చెప్పు. ఇవాళ్టికి ఆ దిగులే పడనీ.”