నిప్పుకు అడ్డం పెట్టిన పెనం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, నారాయణఖేడ్ బస్టాండు ఎదుటి మేడ మీద ఆఫీసులో నాకు బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుగా ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా గోడల మీద బొమ్మలు వేసినవాణ్ణి. తెలుగు అక్షరాలే నలభై దాటాక నా బిడ్డ పలక మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఇప్పటికీ రాదు.

పనేమిటంటే, ఒక పాత కంప్యూటర్ ఆటను కొత్తగా చేయడం. వీరుడు కోటలో గది గదీ తిరుగుతాడు. బొమ్మలోని వస్తువును నొక్కితే తీసుకుంటాడు, సరైన చోట వాడితే దారి దొరుకుతుంది. ముప్పై ఏళ్ల కిందటి బొమ్మలు, దగ్గరికి పోతే అన్నీ రంగు చుక్కలే. వాటిని చూసి నేను కాగితం మీద పెద్దగా వేయాలి. గదికి రెండు పొరలు: వెనక గోడ ఒకటి, ముందుండే సామాను ఒకటి. అప్పుడే వీరుడు స్తంభం చాటు నుంచి నడిచినట్టు కనిపిస్తాడు. చేతికి తీసుకునే వస్తువులను వేరే కాగితం మీద వేసి నంబరు రాయాలి. ఏ నంబరు ఏ వస్తువో ఇంగ్లీషు జాబితాలో ఉంటుంది.

మా హెడ్డు కవిత, పక్కనున్న కంగ్టి ఊరి పిల్ల. హైదరాబాదులో కొలువు వదిలి ఈ పని ఇక్కడికి తెచ్చింది. ముందు మూడు గదులు నమూనాగా చూపాలి. ఆటను మొదట తయారుచేసిన ముసలాయన విదేశంలో ఉంటాడు. ఆయనకు నచ్చితేనే మిగతా గదులు మావి. లేకుంటే ఆఫీసుకు తాళమే.

ఆ మూడింటిలో ఒకటి వంటగది. దాని గోడకు నల్లగా, గుండ్రంగా ఏదో వేలాడుతోంది. ఎనిమిదో నంబరు. జాబితా చదివి చెప్పమనడానికి నాకు నామోషీ. వంటగదిలో అట్లాంటిది ఇంకేముంటుంది? జొన్నరొట్టె పెనం, మా మాటలో పెంక, వేశాను. మసి కూడా పెట్టాను. కవిత చూసింది. నా బొమ్మలను కంప్యూటర్‌లోకి ఎక్కించే బసవరాజూ చూశాడు. ఇద్దరికీ అనుమానం రాలేదు. మా ఇళ్లలో ఉండేది అదే మరి.

చూపించే రోజు ముసలాయన వీడియోలో కూర్చుని తానే ఆడాడు. వీరుడు ఎనిమిదో నంబరు తీసుకుని మూడో గదికి పోయాడు. అక్కడ రెక్కల పాము నిప్పు ఊదింది. వీరుడు రొట్టె పెనం అడ్డం పెట్టాడు.

"ఏనప్పా ఇదు!" అన్నాడు బసవరాజు, ఇదేమిటప్పా అని. అతని ఊరు నాగల్‌గిద్ద, అక్కడ కన్నడం కలిసిపోతుంది.

కవిత గబగబా జాబితా తిప్పింది. "కాకా! అది డాలు! యుద్ధంల పట్టుకునే డాలు! పెంక ఎందుకు గీసినవ్?"

"వంటింట్ల డాలు ఎవడు పెడ్తడే? గా ముసలోనికి బుద్ధి లేదా?" అన్నాను.

"మెల్లగ! ఇంటుండు."

"ఇననీ. ఆయనకు తెలుగొస్తదా ఏంది?"

ముసలాయన కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన చెప్పింది కవిత మాకు విప్పి చెప్పింది. డాలు వేరేగా వేయాలట, కానీ పెనాన్ని తీసేయొద్దట. పెనం పట్టుకుపోయిన వీరుడికి రెక్కల పాము రొట్టె కాల్చి పెట్టాలట, దారి మాత్రం ఇవ్వొద్దట. మిగతా గదులన్నీ మాకే.

"రొట్టె పొంగాల్నా, మాడాల్నా, అడుగు బిడ్డా," అన్నాను. నవ్వు ఆగక కవిత అడగనే లేదు. బసవరాజు కిందికి ఉరికి మిర్చి బజ్జీలు తెచ్చాడు.

ఆట పూర్తయ్యేదాకా పనిచేసి ఆ కొలువు నుంచి దిగిపోయాను. నేను నేర్చుకున్నది ఇంతే. పాతదాన్ని మళ్లీ చేసేవాడు తన కంటికి తోచింది వేయకూడదు, మొదటివాడు ఏమనుకుని వేశాడో కనుక్కోవాలి. చదవరాకపోతే చదివించుకోవాలి. ముసలాయనకు చూపించిన మర్నాటి నుంచే రంగు కలిపే ముందు జాబితా చదివించుకున్నాను. పావుగంట పట్టేది.